ఆరుబయట పాఠాలు, బడి వార్తలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాథమిక పాఠశాల పిల్లలకు తరగతి గది బయట పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి తల్లిదండ్రులు, తోటి ఉపాధ్యాయులు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలివి. బడి వార్తల పత్రం తయారుచేసే పని కూడా నాదే. అందుకే రెండింటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. బయట చూసినదాన్ని పిల్లలు ఎవరో ఒకరికి చెప్పేదాకా ఆ పాఠం పూర్తి కాదని నా నమ్మకం. వార్తల పత్రం ఆ చెప్పడానికి దొరికిన చోటు.

ఆరుబయట పాఠం అంటే ఆటల పీరియడేనా?

కాదు. ఆటల పీరియడు పిల్లల హక్కు, దాన్ని తగ్గించి ఈ పాఠం పెట్టకూడదు. ఆరుబయట పాఠానికి ఒక ప్రశ్న ఉంటుంది, దాని జవాబు బయటే దొరుకుతుంది.

ఆవరణలో ఉన్న చెట్టు ఎత్తు ఎంత? ఎక్కకుండా చెప్పాలి. నాలుగో తరగతి పాప ఎత్తు 132 సెంటీమీటర్లు, ఆ వేళకు ఆమె నీడ 88 సెంటీమీటర్లు. అంటే ఆమె తన నీడకు ఒకటిన్నర రెట్లు ఉంది. చెట్టు నీడ 6 మీటర్లు ఉంటే చెట్టు 9 మీటర్లు ఉండాలి. నిష్పత్తి అనే మాట నల్లబల్ల మీదికి రాకముందే దాని పని ఏమిటో పిల్లలకు తెలిసిపోతుంది. ఒకసారి ఒక జట్టు పాప నీడను ఉదయం, చెట్టు నీడను భోజనం తర్వాత కొలిచింది. లెక్క మిగతా జట్లతో కలవలేదు. ఎందుకు కలవలేదన్న చర్చలో వాళ్లు నేర్చుకున్నది నేను వేసుకున్న పాఠం కన్నా పెద్దది. రెండు నీడలూ ఒకే వేళ కొలవాలని ఆ తర్వాత ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇది ఈమధ్య వచ్చిన పద్ధతా?

చాలా పాతది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక విద్యాలయం తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టారు. పిల్లల తోట అని దాని అర్థం. ఆ పద్ధతిలో పిల్లలు తమ సొంత మడుల్లో మొక్కలు పెంచేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో మొదలుపెట్టిన బడిలో తరగతులు చెట్ల కిందే జరిగాయి. 1904లో బెర్లిన్‌ను ఆనుకొని ఉన్న షార్లటెన్‌బర్గ్‌లో బలహీనంగా ఉన్న పిల్లల కోసం అడవిలోనే బడి నడిపారు. లండన్‌లోని డెప్ట్‌ఫర్డ్‌లో మెక్‌మిలన్ అక్కచెల్లెళ్లు 1914లో ఆరుబయలు శిశుపాఠశాల తెరిచారు. పేద కుటుంబాల పిల్లలకు గాలి, వెలుతురు, శుభ్రత కూడా చదువులో భాగమేనని వాళ్లు పట్టుబట్టారు.

ఈ పేర్లు చెప్పడానికి కారణం ఉంది. “ఇదేదో కొత్త సరదా” అని ఎవరైనా అన్నప్పుడు చాలామంది ఉపాధ్యాయులు జంకుతారు. జంకనక్కర్లేదు.

బయటికి తీసుకెళ్తే పాఠ్యప్రణాళిక వెనకబడదా?

పాఠ్యప్రణాళికలో ఉన్న అంశాన్నే బయట చెబితే వెనకబడదు. విడిగా మరో కార్యక్రమంగా పెడితే తప్పకుండా వెనకబడుతుంది. కాబట్టి పుస్తకంలో రాబోయే పాఠాన్ని ముందు చూసుకుని, అందులో ఏ భాగం బయట బాగా అర్థమవుతుందో ఎంచుకోండి.

ఘనపరిమాణం, వైశాల్యం పిల్లలకు కష్టమైన పాఠాలు. మా తరగతిలో వాటిని వానతో చెబుతాను. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న పాత్రను ఆరుబయట పెట్టి, అందులో చేరిన నీటి లోతును స్కేలుతో కొలుస్తాం. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు నీరు. ఇక తరగతి గది కప్పు కొలత తీయాలి. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు అయితే 48 చదరపు మీటర్లు. పాత్రలో 10 మిల్లీమీటర్లు చేరితే కప్పు మీద పడిన నీరు 480 లీటర్లు. పది లీటర్ల బకెట్లయితే 48! ఈ అంకె వచ్చిన రోజు పిల్లలు తలెత్తి కప్పు వంక చూసిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అంత నీరు ఎటు పోతోందని వాళ్లే అడిగారు. గణితం పీరియడు అలా సైన్సు పీరియడైంది, మర్నాడు అదే తెలుగు వ్యాసమైంది.

అన్ని పాఠాలూ బయటికి రావు. చేతిరాత, భాగహారం సాధన, నిశ్శబ్ద పఠనం గదిలోనే బాగుంటాయి. వాటిని బలవంతంగా చెట్టుకిందికి లాక్కుపోతే గాలికి కాగితాలు ఏరుకోవడంతోనే సరిపోతుంది.

మా బడిలో చెట్టు లేదు, మట్టి లేదు. అంతా సిమెంటే. ఎలా?

ఈ ప్రశ్న అడిగేవారిని ముందు ఒక సుద్దముక్క తీసుకురమ్మంటాను.

ఎండ పడేచోట ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి పాదాల చుట్టూ గీత గీయండి, నీడ చివర మరో గీత గీయండి. గంట తర్వాత అదే పాదముద్రల్లో నిలబెట్టి మళ్లీ గీయండి. రోజంతా గీస్తే నీడ పొట్టిదై మళ్లీ పొడుగవడం, దిక్కు మారడం నేల మీదే కనిపిస్తాయి. అతి పొట్టి నీడ గడియారంలో సరిగ్గా పన్నెండుకు రాకపోవచ్చు. గడియారం కాలాన్ని మనం ఒప్పుకుని పెట్టుకున్నామనీ, సూర్యుడు ఒక్కో చోట ఒక్కో వేళకు నడినెత్తికి చేరతాడనీ చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడవద్దని ప్రతిసారీ చెప్పాలి.

వాన వెలిశాక సిమెంటు మీద నిలిచిన నీటి చుట్టూ సుద్దగీత గీసి గంటగంటకూ చూడవచ్చు. గోడ పగుల్లో మొలిచిన మొక్క అక్కడికి ఎలా చేరిందో ఊహించి రాయవచ్చు. చీమల వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతకవచ్చు. గాలిని కొలవడానికి పరికరం కూడా అవసరం లేదు. ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే నౌకాదళ అధికారి 1805లో గాలి బలానికి అంకెలు వేసే పద్ధతి రూపొందించారు. అది ఇప్పుడు వాడే రూపంలో, ముఖానికి గాలి తగిలితే 2, చిన్న జెండా విచ్చుకుంటే 3, దుమ్ము, కాగితం ముక్కలు లేస్తే 4. ఒకటో తరగతి పిల్లలు కూడా రోజూ అంకె వేయగలరు.

పగలు చందమామను చూపడం మరవకండి. అమావాస్య తర్వాత వారానికి వచ్చే సగం చంద్రుడు మధ్యాహ్నం వేళ తూర్పున ఉదయిస్తాడు, బడి వదిలేలోపు కనిపిస్తాడు. పౌర్ణమి తర్వాతి సగం చంద్రుడు పొద్దున బడికి వచ్చేసరికి ఆకాశంలో ఉంటాడు. చంద్రుడు రాత్రే వస్తాడని నమ్మే పిల్లలకు, కొందరు పెద్దలకు కూడా, ఇది పెద్ద వార్తే.

వారానికి ఎంతసేపు?

మొదట్లో వారానికి ఒకసారి, అరగంట చాలు. ఎప్పుడూ అదే రోజు, వీలైతే అదే చోటు. కొత్త చోటు పిల్లల్ని ఉద్రేకపెడుతుంది. తెలిసిన చోటులో అయితే ఏం మారిందో చూస్తారు.

బయట గడిపితే కళ్లకు మంచిదంటారు. నిజమేనా?

హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే లోపం విషయంలో గట్టి ఆధారమే ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో ఒక పరీక్ష జరిపారు. కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు బడి ఉన్న ప్రతిరోజూ 40 నిమిషాల ఆరుబయట పీరియడు అదనంగా పెట్టారు, మిగతా బడుల్లో పెట్టలేదు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు అదనపు పీరియడు ఉన్న బడుల్లో 30.4 శాతం, లేని బడుల్లో 39.5 శాతం. ఆ ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. నీడలో కూర్చున్నా సరే, బయటి వెలుతురు గదిలోని వెలుతురు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మేలంతా ఆ వెలుతురుదేనని చాలామంది నిపుణులు భావిస్తున్నారు. అయితే ఇప్పటికే అద్దాలు పెట్టుకున్న పాపకు ఇది చికిత్స కాదు, అద్దాలు మానేయకూడదు.

పరుగు, గెంతు, నడక మాటకొస్తే, 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలే పని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరుబయట పాఠంతోనే అదంతా పూర్తి కాదు, కొంత కలుస్తుంది.

ఎండ, వాన, ఉరుములు ఉంటే?

చిన్న జల్లులో గొడుగులతో వెళ్లవచ్చు. వానలో మాత్రమే చూడగలిగినవి ఎన్నో ఉన్నాయి. ఎండ విషయంలో, చర్మానికి హాని చేసే కిరణాల బలాన్ని అంకెల్లో చెప్పే అతినీల లోహిత సూచిక (UV ఇండెక్స్) 3, ఆపైన ఉంటే టోపీ, నీడ, ఒళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. ఎండ తీవ్రంగా ఉండే నెలల్లో పాఠాన్ని ఉదయం మొదటి పీరియడుకు మార్చండి. ప్రతి ఒక్కరి దగ్గరా నీళ్ల సీసా ఉండాలి.

ఉరుము వినిపిస్తే వెంటనే లోపలికి. చెట్టు కింద ఆగడం అసలు కూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రావద్దు. ఆ సమయం వృథా కాదు. మెరుపు కనిపించగానే కిటికీ లోపలి నుంచి అంకెలు లెక్కపెట్టించండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది కాబట్టి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ఉరుముకు భయపడే పిల్లలు లెక్కలో పడి భయం మరిచిపోవడం చాలాసార్లు చూశాను.

పురుగు కుడితే? కిందపడి దెబ్బ తగిలితే?

తల్లిదండ్రుల మనసులో అన్నిటికన్నా ముందుండే ప్రశ్న ఇదే. తేలికగా తీసుకోవలసింది కాదు.

పిల్లలకన్నా ముందు ఉపాధ్యాయులు ఆ చోటంతా తిరిగి చూడాలి. గాజుముక్కలు, వేలాడే తీగలు, తెరిచిన గుంటలు, కందిరీగల గూళ్లు, పొదల్లో పాములు దాగే చోట్లు. పాము ఉండవచ్చన్న అనుమానం వస్తే ఆ రోజు పాఠం గదిలోనే. ఎలర్జీలు, ఉబ్బసం ఉన్న పిల్లల జాబితా, వాళ్ల మందులు, ప్రథమ చికిత్స పెట్టె ఉపాధ్యాయుల చేతిలోనే ఉండాలి. ఆఫీసు గది బీరువాలో ఉంటే ఉపయోగం లేదు.

పిల్లలకు నేను చెప్పే నియమాలు కొన్నే. పేరు తెలియని దేన్నీ నోట పెట్టుకోవద్దు. రంధ్రంలో చేయి పెట్టవద్దు. ఎత్తిన రాయిని మళ్లీ అలాగే పెట్టాలి, ఎందుకంటే అది ఎవరిదో ఇల్లు. వానపాము చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది, ఆ చర్మం తడిగా ఉండాలి, కాబట్టి చేయి తడుపుకోకుండా దాన్ని తాకకూడదు. కారణం చెప్పిన నియమాన్ని పిల్లలు పాటిస్తారు, పక్కవాళ్ల చేత కూడా పాటింపజేస్తారు. లోపలికి రాగానే సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం పాఠంలో చివరి భాగం.

చిన్న చిన్న గీతలు పడతాయి. మోకాలు చెక్కుకుపోతుంది. ఎప్పుడు, ఎలా తగిలింది, ఏం చేశాం అనేది ఆ సాయంత్రమే ఇంటికి చెప్పాలి. దాచిన చిన్న దెబ్బ నమ్మకానికి తగిలే పెద్ద దెబ్బ అవుతుంది.

నలభై మంది పిల్లలు, నేను ఒక్కరినే. సాధ్యమా?

మొదటి నెల పాఠం కన్నా అలవాట్ల మీద దృష్టి పెట్టండి. ఈల ఊదితే ఎక్కడివారు అక్కడ ఆగడం, తాడుతో గుర్తించిన హద్దు దాటకపోవడం, గుండ్రంగా కూర్చోవడం. నలుగురైదుగురితో జట్లు చేసి ఒకరికి కొలత, ఒకరికి రాత, ఒకరికి బొమ్మ, ఒకరికి వస్తువుల బాధ్యత ఇవ్వండి. చేతిలో పని ఉన్న పిల్లలు దారి తప్పరు. బయలుదేరేటప్పుడు ఒకసారి, తిరిగివచ్చాక మరోసారి లెక్కపెట్టడం ఎన్నడూ మానవద్దు. ఆవరణ దాటి వెళ్లాలంటే మాత్రం ఒక్కరే వెళ్లకండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకం, తోడు పెద్దలు ఉండాల్సిందే.

చక్రాల కుర్చీలో ఉన్న పాప, చూపు సరిగా లేని బాబు ఎలా పాల్గొంటారు?

చోటు ఎంచుకునేటప్పుడే వాళ్లను దృష్టిలో పెట్టుకుంటే పాల్గొంటారు. ముందు చోటు నిర్ణయించి, తర్వాత వాళ్ల సంగతి ఆలోచిస్తే గట్టుమీద కూర్చుని చూడటమే వాళ్లకు మిగులుతుంది. చదునైన దారి, కుర్చీ ఎత్తుకు సరిపడే మొక్కల తొట్లు, బెరడు తడిమి చెట్లను గుర్తుపట్టే ఆట, కళ్లు మూసుకుని వినిపించిన శబ్దాలను దిక్కుల వారీగా కాగితం మీద గుర్తించడం వంటివి తరగతి మొత్తం చేయదగ్గవి. శబ్దాల పాఠంలో మా తరగతికి దారి చూపింది చూపు తక్కువైన ఒక బాబే. మాకెవరికీ వినిపించనివి అతనికి వినిపించాయి. ఎక్కువ సందడి భరించలేని పిల్లలకు ఏం జరగబోతోందో ముందురోజే చెప్పండి, పక్కన ఒక నిశ్శబ్దమైన మూల ఉంచండి.

బట్టలు మురికి అవుతున్నాయి.

అవుతాయి. ఆరుబయట పాఠం రోజు ఏదో ముందే తెలియజేస్తాం. ఆ రోజు పాత బట్టలు, బిగుతుగా ఉండే బూట్లు వేసి పంపండి.

బడి వార్తల పత్రంలో ఈ పాఠాల గురించి ఏం రాయాలి?

చాలా పత్రాల్లో ఇలాంటి వాక్యాలు కనిపిస్తాయి: “విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. కార్యక్రమం విజయవంతంగా ముగిసింది.” నేనూ ఏళ్ల తరబడి ఇవే రాశాను. ఒకరోజు ఒక తల్లి, “ఉత్సాహంగా ఏం చేశారమ్మా?” అని అడిగింది. ఆమె అడిగింది న్యాయం. నేను రాసినదాంట్లో ఆమె బిడ్డ లేదు.

ఇప్పుడు ఇలా రాస్తున్నాం: “మంగళవారం ఉదయం నీటి గుంట చుట్టూ మూడో తరగతి పిల్లలు సుద్దగీత గీశారు. మధ్యాహ్నానికి నీరు గీతకు రెండు జానల లోపలికి వెళ్లింది. ఆ నీరు ఎక్కడికి పోయిందో ఈ సాయంత్రం మీ పిల్లల్ని అడగండి.” ఎవరు, ఎప్పుడు, ఏం చూశారు, ఒక కొలత, ఇంట్లో అడగడానికి ఒక ప్రశ్న. ఆ చివరి ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. “బడిలో ఏం చేశావు?” అంటే “ఏమీ లేదు” అనే పిల్లలు, “గుంటలో నీళ్లు ఏమయ్యాయి?” అంటే అన్నం చల్లారేదాకా చెబుతారు.

తప్పిన ప్రయోగాలను కూడా రాయండి. మొలకెత్తని గింజలు, కలవని కొలతలు కూడా వార్తలే. అవి చదివిన తల్లిదండ్రులు మార్కులు కాకుండా మరో ప్రశ్న అడగడం మొదలుపెడతారు.

సెలవులు, సమావేశాలు, గేటు వేళల మార్పు, పోయిన వస్తువులు, సాయం చేసినవారికి కృతజ్ఞతలు కూడా పత్రంలో ఉండాలి. తల్లిదండ్రులు చేయవలసిన పని ఏదైనా ఉంటే, తేదీతో సహా అన్నిటికన్నా పైన పెట్టండి. మూడో పేరాలో దాచిన తేదీ ఎవరికీ కనిపించదు.

వార్తలు పిల్లలే రాయగలరా?

మూడో తరగతి నుంచి చక్కగా రాస్తారు. చిన్నవాళ్లు చెబితే పెద్దవాళ్లు రాసిపెట్టవచ్చు, బొమ్మ గీయించి కింద పేరు రాయించవచ్చు. అక్షరదోషాలు దిద్దండి, వాక్యాన్ని మాత్రం మార్చకండి. “వానపాము తల ఎటువైపో వెతికాం. దొరకలేదు. అది కదిలాక తెలిసింది” అని ఒక పాప రాసింది. దాన్ని నేను సవరించబోయి ఆగిపోయాను. ఆ మూడు వాక్యాల్లో పరిశీలన ఉంది, ఓపిక ఉంది, తేల్చుకున్న జవాబు ఉంది. సంవత్సరం ముగిసేలోపు తరగతిలో ప్రతి ఒక్కరి రాతా ఒక్కసారైనా పత్రంలో రావాలి. అందుకోసం పేర్ల పట్టిక పెట్టుకుని వచ్చినవారికి టిక్కు పెడుతుంటాను. లేకపోతే చురుకైన నలుగురైదుగురి పేర్లే తిరిగి తిరిగి వస్తాయి.

ఫొటోలు వేయవచ్చా?

తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉంటేనే. వద్దన్నవారిని కారణం అడగకండి. ముఖం పక్కన పూర్తి పేరు, తరగతి, ఇంటికి వెళ్లే దారి వంటి వివరాలు రాయకూడదు. ఫోనుతో తీసిన ఫొటోలో అది తీసిన చోటు వివరం కూడా దాగి ఉండవచ్చు, పంపేముందు దాన్ని తొలగించండి. నా వరకు ముఖాల కన్నా చేతులు, నోటుపుస్తకాలు, నేల మీద గీతలు ఉన్న ఫొటోలే నచ్చుతాయి. పాఠం ఏమిటో వాటిలోనే కనిపిస్తుంది.

పత్రం చదివే తీరిక లేనివారికి, చదవడం రానివారికి?

గేటు పక్కన పెద్ద అక్షరాలతో, బొమ్మలతో గోడపత్రిక పెట్టండి. ముఖ్యమైన రెండు విషయాలు ఒక నిమిషం లోపు మాటల రికార్డుగా ఫోనులో పంపండి. వీటికన్నా బాగా పనిచేసేది మరొకటి ఉంది. పత్రాన్ని పిల్లల చేతే ఇంట్లో బిగ్గరగా చదివించడం. అది చదువు సాధన కూడా.

తల్లిదండ్రులుగా మేము ఏం చేయగలం?

చేతికి తెలిసిన పనితో రండి. మొక్కలు అంటు కట్టగలవారు, గోడ కట్టగలవారు, బుట్ట అల్లగలవారు, పక్షుల పేర్లు తెలిసిన తాతలు, అమ్మమ్మలు. ఒక గంట చాలు. రాలేనివారు పాత కొలత టేపు, పనికొచ్చే భూతద్దం, అట్టముక్కలు పంపవచ్చు.

పిల్లలు అడిగినదానికి మాకు జవాబు తెలియకపోతే?

“నాకూ తెలియదు, కలిసి చూద్దాం” అనండి. చీమలు వరుసలోనే ఎందుకు నడుస్తాయని ఒక బాబు అడిగినప్పుడు జవాబు చెప్పకుండా, ఆ వరుసకు అడ్డంగా నేలను తడి గుడ్డతో తుడవమన్నాను. చీమలు అక్కడికి వచ్చి తడబడ్డాయి, అటూ ఇటూ వెతికాయి, కాసేపటికి మళ్లీ దారి కలుపుకున్నాయి. ముందు వెళ్లిన చీమలు వదిలిన వాసన ఆనవాలు పట్టుకుని వెనక చీమలు నడుస్తాయి. తుడిస్తే ఆ ఆనవాలు పోతుంది. ఈ మాట నేను చెప్పేలోపే, “దారి తుడిచేశాం!” అని పిల్లలే అరిచారు.

రేపే మొదలుపెట్టాలంటే ఏ పాఠంతో?

జట్టుకు నాలుగు మీటర్ల దారం, నాలుగు పుల్లలు ఇవ్వండి. నేల మీద ఒక మీటరు చదరం కట్టించండి, సిమెంటు అయితే సుద్దతో గీయించండి. పది నిమిషాలు మాట్లాడకుండా ఆ చదరంలో ఉన్నవన్నీ చూడమనండి. బతికినవి, బతకనివి, ఎన్నడో బతికి ఇప్పుడు లేనివి అని మూడు వరుసల్లో రాయమనండి. ఎండుటాకు ఏ వరుసలో, గింజ ఏ వరుసలో అన్న దగ్గర వాదన మొదలవుతుంది. తీర్పు చెప్పకండి, ఆ వాదనను అలాగే వార్తల పత్రంలో వేయండి. వచ్చే వారం అదే చదరం దగ్గరికి వెళ్లేందుకు నాలుగు మూలల్లో నాలుగు రాళ్లు గుర్తుగా పెట్టి, పిల్లల్ని లెక్కపెట్టుకుని లోపలికి రండి.